తిరిగి పంపవలసిన బుట్ట

ఊరి పేరైతే పెట్టుకుంది గానీ
ఊళ్ళోకి ఎన్నడూ రాలేదు మార్‌థ్రోప్ స్టేషను.
నక్కల వేట చెడుతుందని
ఆనాటి జమీందారు తన నేలమీద
సర్వే గొలుసు పడనివ్వలేదట.
పట్టాలు అలిగి రెండు మైళ్ళు చుట్టు తిరిగి
టర్నిప్ చేల మధ్య ఆగాయి.
ఇక్కడ రైలెక్కడమంటే
ముందు బురద దిగడం.

మొదటి స్టేషను మాస్టరు ఎనోక్ టాప్లీ.
కంపెనీ టైము కోటు జేబులో,
ఊరి టైము గోడమీద.
గోడ గడియారాన్ని రెండు నిమిషాలు ముందుకి తిప్పి ఉంచేవాడు,
పరిగెత్తుకొచ్చేవాళ్ళ మీద జాలితో.
ఆ సంగతి నెల తిరక్కుండా ఊరందరికీ తెలిసిపోయి
సరిగ్గా రెండు నిమిషాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు.

పాలక్యాన్లు వెళ్ళాయి, బొగ్గు వచ్చింది.
ఒక కుట్టుమిషను, ఒక శవపేటిక,
బ్యాండు మేళం వాళ్ళు మరిచిపోయిన పెద్ద డోలు
(వారం రోజులు వెయిటింగ్ రూములో
పిల్లలు దాన్ని వదల్లేదు).

పదిహేనో సంవత్సరంలో
పదకొండు మంది కుర్రాళ్ళు ఖాకీల్లో ఎక్కారు.
ఒకడి తల్లి ఇంకా బురదలోనే ఉందని,
చేతిలో మేజోళ్ళ మూట ఊపుతూ వస్తోందని
ఎనోక్ ఆ రోజు నిజంగానే రైలాపాడు, రెండు నిమిషాలు.
కంపెనీ వేసిన జరిమానా అర క్రౌను.
రసీదు దాచుకున్నాడు.
ఆ మేజోళ్ళు ఎన్నాళ్ళు తొడిగాడో
ఏ కాగితంలోనూ లేదు.

రెండో యుద్ధంలో పోర్టరుగా చేరింది ఐవీ ప్లంట్రీ.
యుద్ధం అయిపోయింది, ఇక దిగిపొమ్మన్న ఉత్తరానికి
ఆమె జవాబు రాయలేదు.
వాళ్ళూ మళ్ళీ అడగలేదు.

శనివారాలు ఆమెవి.
ఉత్తరాన గనుల ఊళ్ళ నించి
పందెం పావురాలు పేము బుట్టల్లో దిగేవి.
వేలు తడిచేసి గాలి చూసి
సీసపు ముద్ర తెంచి మూతలెత్తేది.
ఆకాశాన్ని ఎవరో దుప్పటిలా దులిపినట్టుండేది.
ఒక్క చుట్టు తిరిగి
అవి ఉత్తరాన్ని గుర్తుపట్టేవి.
చీటీమీద వేళ రాసి
ఖాళీ బుట్టల్ని మధ్యాహ్నం బండికి ఎక్కించేది.
పావురాలెప్పుడూ బుట్టల కంటే ముందే ఇల్లు చేరేవి.

తరవాత లండన్ నించి ఒకాయన వచ్చి లెక్కపెట్టాడు.
ఒకే ఒక్క వారం, అదీ మార్చిలో, వానలో.
రోజుకి సగటున నలుగురున్నర ప్రయాణికులని తేల్చాడు.
ఆ సగం మనిషెవరా అని
ఊరు చాన్నాళ్ళు వెతుక్కుంది.

చివరి రాత్రి ప్లాట్‌ఫారం పట్టలేదు.
పదేళ్ళుగా రైలు ముఖం చూడనివాళ్ళంతా వచ్చారు
పట్టాలమీద పెన్నీలు పెట్టడానికి.
జ్ఞాపకంగా రానుపోను టికెట్టిమ్మని అడిగితే
ఐవీ తలెత్తకుండా ఒకవైపుకే కొట్టి ఇచ్చింది.

పట్టాలు తూకానికి పోయాయి.
గడియారం వేలంలో సారాకొట్టుకి.
ఇప్పటికీ రెండు నిమిషాలు ముందే ఉంటుంది.
కట్టేసే వేళయిందని యజమాని గంట కొడితే
ఎవరూ గ్లాసు దించరు.

పోయినేడు కౌన్సిల్ తరఫున
కొలతలు తీసుకోవడానికి వెళ్ళాను.
ప్లాట్‌ఫారం అంచున బ్లాక్‌బెరీ ముళ్ళు.
టికెట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్న యాష్ మొక్క.
దీపాల గదిలో, నూనె వాసన పోని మూల,
ఒక పేము బుట్ట.
చీటీమీద పెన్సిలు రాత:
పది నలభై. పడమటి గాలి. తేలిక.
కింద అచ్చులో: ఖాళీ అయ్యాక తిరిగి పంపవలెను.

ఆ శనివారం మధ్యాహ్నం బండి
సరుకులు ఎక్కించుకోలేదేమో.
ఎక్కడో ఒక గనికార్మికుడు
పావురం వచ్చి, బుట్ట రాక,
కొన్నాళ్ళు చూసి ఊరుకుని ఉంటాడు.

మూత ఎత్తాను. మళ్ళీ వేశాను.
నా ఫారంలో "ప్రస్తుత వినియోగం" అన్న గడి దగ్గర
చెయ్యి చాలాసేపు ఆగింది.
బయట గాలి పడమటిదే.
తేలిక.